పిక్కల బలిమిని చూచి మోసపోవద్దు

పాఠకులు నాకు వ్రాసే ఉత్తరాలలో ఏటా నాలుగైదు ఒకే రీతిగా ఉంటాయి. "మా అబ్బాయికి ఐదు సంవత్సరాలు. తరచుగా పడిపోతూ ఉంటాడు. మెట్లు ఎక్కడానికి చేయి పట్టుకోమంటాడు. ఆకలి బాగానే ఉన్నది, పిక్కలు కూడా దిట్టంగా ఉన్నాయి. ఏ తైలంతో మర్దన చేయమంటారు? ఏ లేహ్యం వాడమంటారు?" ఇదీ వాటి సారాంశం. తైలం పేరు చెప్పడం నాకు కష్టం కాదు. బలాతైలమని, మహానారాయణ తైలమని ఒక పోస్టుకార్డు మీద రెండు పంక్తులు వ్రాసి పంపవచ్చును. కాని ఈ ఉత్తరాలకు నేను తైలం పేరు వ్రాయను. పిల్లవానిని నేల మీద కూర్చుండబెట్టి, ఏ ఆధారమూ ఇవ్వక, లేవమని చెప్పి, ఎలా లేస్తున్నాడో చూచి వ్రాయమని జవాబిస్తాను. కొందరికి ఇది కోపం తెప్పిస్తుంది. తైలం అడిగితే పరీక్ష పెట్టాడేమిటీ పెద్దమనిషి అని అనుకుంటారు.

ఎందుకు అలా వ్రాస్తానో చెప్పాలంటే నా వలన జరిగిన ఒక తప్పిదాన్ని చెప్పుకోవాలి. ఇన్నాళ్ళూ దానిని అచ్చులో పెట్టడానికి మనసు ఒప్పలేదు.

1991లో ఒక పల్లెటూరి బడిపంతులు గారు తమ నాలుగేళ్ళ కుమారుణ్ణి మా వైద్యశాలకు తీసుకువచ్చారు. పిల్లవాడు ఏడాదిన్నర నిండిన తరువాత గాని నడవలేదట. నడక వచ్చినా పరుగు రాలేదు. తోటిపిల్లలు తోస్తే పడిపోతాడు. నేను నాడి చూచాను, నాలుక చూచాను, కడుపు నొక్కి చూచాను. చివరకు కాళ్ళు చూచి నవ్వాను. "మాస్టారూ, వీడివి పహిల్వాను పిక్కలు. భయపడవలసింది ఏమీ లేదు, వాతం కాస్త ప్రకోపించినది, సర్దుకుంటుంది" అన్నాను. తల్లి మాత్రం, "అయ్యగారూ, పీట మీద నుంచి లేచేటప్పుడు వీడు తన కాళ్ళ మీద తానే చేతులు వేసుకుని ఎగబ్రాకుతాడండీ" అని చెప్పినది. ఆ మాటను నేను విన్నాను గాని చెవిన పెట్టలేదు. పదహారు నెలలు అభ్యంగం, అశ్వగంధ లేహ్యం, నేయి, మినుములు. పిల్లవాడు బరువు పెరిగాడు. నడక మరింత భారమైనది. ఆ పదహారు నెలల లోపల ఆ తల్లి మరల గర్భవతి అయినది. రెండవ కుమారుడు పుట్టిన మూడు నెలలకు, నగరంలో ఒక పిల్లల డాక్టరు పెద్దవాడు మంచం మీద నుంచి దిగడం చూచి, అయిదు నిమిషాలలో వ్యాధిని పోల్చుకుని రక్తపరీక్ష చేయించాడు. చిన్నవానికి కూడా చేయించమన్నాడు. ఇద్దరికీ ఒకటే వ్యాధి.

దానికి డుషెన్ కండరక్షయం అని పేరు. ఇంగ్లీషులో మస్క్యులర్ డిస్ట్రఫీ అంటారు. ఎడ్వర్డ్ మెర్యాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1851లో లండను వైద్యసభ ముందు దీనిని గురించి ప్రసంగించాడు. ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1868లో పదముగ్గురు రోగుల వృత్తాంతం ప్రకటించాడు. ఆయన పేరే స్థిరపడినది. పుట్టే మగపిల్లలలో సుమారు మూడున్నర వేల నుండి అయిదు వేల మందికి ఒకరు దీని పాలబడతారు. కండపోగుల పొరను గట్టిగా నిలిపి ఉంచే డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తు వీరి శరీరంలో తయారు కాదు. దాని జన్యువు ఎక్స్ క్రోమోసోము మీద ఉన్నదనీ, లోపం అక్కడిదనీ 1987 నాటికి తేలినది. కండ పని చేసిన కొద్దీ పోగులు చిట్లుతాయి, చిట్లినవి కొంతకాలం బాగవుతాయి, తరువాత బాగుకావడం మానివేస్తాయి. వైద్యం లేకపోతే పన్నెండేళ్ళ ప్రాంతంలో నడక పోతుంది. ఆపైన శ్వాస కండరాలు, గుండె.

ఇప్పుడు పరీక్ష విషయానికి వస్తాను. దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని మన శాస్త్రం మూడు చెప్పినది. ఈ వ్యాధిని అనుమానించడానికి ఆ మూడే చాలును, యంత్రాలతో పని లేదు. అయితే దర్శనం అంటే ముఖం చూచి నాడి పట్టుకోవడం కాదు. పిల్లవానికి చెడ్డీ తప్ప మిగిలిన బట్టలన్నీ విప్పించి, ముందు నుంచీ వెనుక నుంచీ చూడాలి. నిలుచున్నప్పుడు నడుము లోపలికి వంగి, పొట్ట ముందుకు పొడుచుకు వస్తుంది. భుజాలు వెనుకకు పోతాయి. తుంటి కండలు బలహీనమైనందున శరీరాన్ని నిలబెట్టుకోవడానికి వాడు తెలియకనే చేసుకున్న సర్దుబాటు అది. నడిచేటప్పుడు ఇటూ అటూ ఊగుతూ బాతువలె నడుస్తాడు. మడమ నేలకు ఆనించడు. చెప్పులు తిరగవేసి చూడండి, మునివేళ్ళ వైపు అరిగి మడమ వైపు కొత్తవిగానే ఉంటాయి. ఈ చెప్పుల సంగతి నాకు ఏ గ్రంథమూ నేర్పలేదు, ఒక అమ్మమ్మ గారు చూపించారు.

తరువాత నేల మీద వెల్లకిల పడుకోబెట్టి లేవమనాలి. మూడేళ్ళు దాటిన ఆరోగ్యవంతుడైన పిల్లవాడు నేరుగా లేచి కూర్చుని, చేతులతో పని లేకుండా చివాలున నిలబడతాడు. ఈ వ్యాధి ఉన్నవాడు ముందు బోర్లా తిరుగుతాడు. చేతులూ కాళ్ళూ నేల మీద ఆనించి నాలుగు కాళ్ళ జంతువువలె నిలుస్తాడు. కాళ్ళు ఎడంగా పెట్టి పిరుదులు పైకి ఎత్తుతాడు. తరువాత ఒక చేయి మోకాలి మీద, రెండవ చేయి రెండవ మోకాలి మీద, అక్కడి నుంచి తొడల మీదకు, తన శరీరాన్నే నిచ్చెనగా చేసుకుని ఎక్కి నిలబడతాడు. సర్ విలియం గోవర్స్ 1879లో దీనిని వివరించాడు గనుక గోవర్స్ గుర్తు అంటారు. ఆ తల్లి నాకు చెప్పినది అక్షరాలా ఇదే. గోవర్స్ పేరు ఎరుగని ఆ ఇల్లాలు తన వంటింట్లో కనిపెట్టినదానిని నేను వైద్యశాలలో పోగొట్టాను.

తొలిదశలో ఈ గుర్తు ఇంత స్పష్టంగా ఉండదు. లేచేటప్పుడు ఒక చేయి ఒక్క క్షణం తొడను తాకి వదిలివేస్తుంది, అంతే. అందుచేత ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు లేపి చూడాలి. అలసినకొద్దీ గుర్తు తేటపడుతుంది. ఇక్కడ ఒక మాట. వెనుకటి ఇళ్ళలో పిల్లలు నేల మీద కూర్చుని అన్నం తినేవారు, చాప మీద చదువుకునేవారు, గొంతుకూర్చుని లేచే మరుగుదొడ్డికి వెళ్ళేవారు. రోజుకు ఇరవైసార్లు ఈ పరీక్ష దానంతట అదే జరిగేది. నేడు మన ఇళ్ళలో సోఫాలు, భోజనాల బల్లలు, కుర్చీవంటి మరుగుదొడ్లు వచ్చినవి. పిల్లవాడు నేల మీద నుంచి లేవడం తల్లి కంట పడే సందర్భమే కరువైనది. వసతి మంచిదే. కాని దానివలన ఈ గుర్తు మరుగున పడిందని నా నమ్మకం.

ఇక స్పర్శనం. పిక్కను చేతితో పట్టి చూడండి. ఆటలాడే పిల్లవాని పిక్క వదులుగా విడిచినప్పుడు మెత్తగా, బిగించినప్పుడు గట్టిగా ఉంటుంది. వీరి పిక్క విడిచినప్పుడు కూడా రబ్బరు ముక్కవలె బిరుసుగా ఉంటుంది. నశించిన కండపోగుల స్థానంలో కొవ్వు, నారపదార్థం చేరి ఉబ్బినందున అది పెద్దదిగా కనిపిస్తుంది. అది బలం కాదు, బలం పోయిన చోట మిగిలిన ఆకారం. పైన తొడ పలచబడుతూ కింద పిక్క ఉబ్బుతూ ఉండటం చూస్తే అనుమానించి తీరాలి. పాదాన్ని పైకి వంచి చూస్తే మడమ వెనుక నరం బిగిసి అడ్డు తగులుతుంది.

చంకల కింద చేతులు పెట్టి పిల్లవానిని పైకి ఎత్తండి. ఆరోగ్యవంతుడు భుజాలు బిగిస్తాడు, చేతులలో నిలుస్తాడు. వీడు చేపవలె జారిపోతాడు. దీనికి మెర్యాన్ పేరు పెట్టారు. వెల్లకిల పడుకుని తల ఒక్కటే ఎత్తి గడ్డం రొమ్ముకు ఆనించమంటే ఆనించలేడు. మెడ ముందు కండలు చాలా త్వరగా బలహీనమవుతాయి. చాలామంది ఈ మెడ పరీక్షను మరచిపోతారు. మరొకటి మన దేశపు వైద్యుడు చూపినది. లక్నోలోని సంజయ్ గాంధీ సంస్థకు చెందిన న్యూరాలజిస్టు సునీల్ ప్రధాన్ 1994లో దీనిని ప్రకటించారు. పిల్లవానిని రెండు చేతులూ భుజాల ఎత్తుకు చాచి బయటికి తిప్పమని వెనుక నుంచి చూస్తే, చంక వెనుక మడతలో ఒక పల్లం కనిపిస్తుంది. దానికి ఇరువైపులా కండలు నిండుగా ఉంటాయి, నడుమ కండ క్షీణించి ఉంటుంది. రెండు కొండల మధ్య లోయవలె ఉన్నదని ఆ గుర్తుకు లోయ పేరే పెట్టారు.

సుత్తితో కొట్టి చూడగలిగిన వైద్యులు మోకాలి ప్రతిక్రియ త్వరగా తగ్గిపోవడం, మడమ ప్రతిక్రియ చాలాకాలం నిలిచి ఉండటం గమనించవచ్చును. స్పర్శజ్ఞానం చెడదు. కళ్ళ కదలిక, ముఖం, మలమూత్రాల అదుపు సరిగానే ఉంటాయి. కొందరిలో మాటలు ఆలస్యంగా వస్తాయి, చదువు మందగిస్తుంది. దానిని బద్ధకమని దండించరాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. చేతులూని లేచే పిల్లవాళ్ళందరికీ ఈ వ్యాధియే అని అనుకోరాదు. తుంటి కండలు ఏ కారణంగా బలహీనమైనా అలాగే లేస్తారు. ఎముకలు మెత్తబడే రికెట్సులో, చర్మం మీద ఎర్రని మచ్చలతో వచ్చే కండరాల వాపులో, మరికొన్ని వ్యాధులలో కూడా ఇది కనిపించవచ్చును. థైరాయిడ్ లోపంలో పిక్కలు సైతం ఉబ్బవచ్చును. వీటిలో కొన్నింటికి మంచి చికిత్స ఉన్నది. కాబట్టి ఆలస్యం చేయకుండా తేల్చుకోవడం అన్ని విధాలా లాభమే.

తేల్చుకోవడానికి మొదటి మెట్టు సి.పి.కె. అనే రక్తపరీక్ష. కొన్ని వందల రూపాయల పని. సాధారణంగా రెండు వందల లోపు ఉండవలసిన అంకె వీరిలో పదివేలు దాటడం తరచుగా చూస్తాము. అది అంత ఎక్కువగా ఉంటే తరువాతది జన్యుపరీక్ష.

ఇక్కడ మన గృహవైద్య ప్రియులు తప్పక తెలుసుకోవలసిన ఉచ్చు ఒకటి ఉన్నది. పిల్లవానికి జ్వరం వచ్చిందనో నీరసమనో రక్తపరీక్ష చేయిస్తారు. కాగితం మీద ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అంకెలు పెరిగి ఉంటాయి. వెంటనే "కాలేయం చెడినది, పైకి తెలియని కామెర్లు" అని నేల ఉసిరి ముద్ద మజ్జిగలో కలిపి పట్టడం, నూనె, పప్పు మాన్పించి పథ్యం పెట్టడం మొదలవుతుంది. ఆ రెండు పదార్థాలు కాలేయంలోనే కాదు, కండలలోను ఉంటాయి. కండ చిట్లితే అవీ రక్తంలోకి వస్తాయి. బిలిరుబిన్ సరిగా ఉండి, కళ్ళు పచ్చబడక, ఆ రెండు అంకెలు మాత్రమే నెలల తరబడి పెరిగి ఉన్న మగపిల్లవానికి నేల ఉసిరి కంటే ముందు సి.పి.కె. చూడాలి. పెరిగే వయసులో మాంసకృత్తులు మాన్పించి ఏడాది పథ్యం పెట్టిన ఇళ్ళను నేను చూచాను.

"ఇదంతా అల్లోపతి వారి గొడవ, మన శాస్త్రంలో లేదా?" అని అడిగే మిత్రులకు ఒక మాట. మాంసక్షయ లక్షణాలను చరకుడు, సుశ్రుతుడు ఇద్దరూ చెప్పారు. పిరుదులు, మెడ, ఉదరం ఎండిపోవడం చరకుని పట్టికలో ఉన్నది. సుశ్రుతుడు తొడలతో పాటు పిండికలను, అంటే పిక్కలను కూడా చేర్చాడు. ఈ వ్యాధిలో పిక్కలు ఎండకపోగా ఉబ్బుతాయి. పుస్తకం పట్టుకుని చూచినవాడు ఇక్కడే పొరపాటు పడతాడు. నేను పడినది అక్కడే. కాని అదే సుశ్రుతుడు వ్యాధులను విభజిస్తూ శుక్రశోణిత దోషం వలన పుట్టుకతో వచ్చే వాటిని ఆదిబలప్రవృత్తములని పేర్కొని, అవి మాతృజములని, పితృజములని రెండు విధాలని చెప్పాడు. తల్లి వైపు నుంచి కుమారునికి వచ్చే ఈ వ్యాధిని ఉంచడానికి అంతకంటే తగిన స్థానం లేదు. బీజంలో ఏ భాగం చెడితే శరీరంలో ఆ భాగం చెడుతుందని చరకుడు అన్నాడు. బీజదోషాన్ని అభ్యంగంతో తీయగలమని ఆయన ఎక్కడా అనలేదు. మనమే అంటున్నాము, ప్రకటనలలో అంటున్నాము.

నయం చేస్తామని చెప్పేవారిని గూర్చి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇది యాప్య వ్యాధి. మోయవలసినదే గాని తీసివేయగలిగినది కాదు. గోరువెచ్చని నూనెతో మృదువుగా రాయడం, తరువాత మడమను పైకి వంచి ప్రతిదినం కొంతసేపు సాగదీయడం మంచివే. మడమ నరం బిగియకుండా ఉంటుంది, తల్లి చేయి తగిలిన సుఖం పిల్లవానికి దక్కుతుంది. కాని గట్టిగా పిసికే మర్దనలు వద్దు. బలం రావాలని చేయించే కసరత్తులు వద్దు. ముఖ్యంగా గుంజీళ్ళు. కూర్చుంటూ లేస్తూ ఉండటంలో కండ సాగుతూ పనిచేస్తుంది. డిస్ట్రోఫిన్ లేని కండ అప్పుడే ఎక్కువగా చిట్లుతుంది. బడిలో గుంజీళ్ళ శిక్ష వేయవద్దని ఉపాధ్యాయునికి చెప్పి రావాలి. నెయ్యి, లేహ్యాలతో బరువు పెంచడం మరొక తప్పు. బలహీనమైన కాళ్ళకు ప్రతి కిలో బరువూ శిక్షయే. కూర్పు తెలియని భస్మాలు, పేరు లేని పొడులు అసలే వద్దు.

డాక్టర్లు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు, ప్రెడ్నిసొలోన్ గాని డెఫ్లజకోర్ట్ గాని, నడకను రెండు మూడేళ్ళు పొడిగించగలవని నిలకడగా తేలినది. వాటికి దోషాలున్నవి. బరువు పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. అంతమాత్రాన "విషం, మానివేయండి" అని మనలో ఎవరైనా సలహా ఇస్తే అది ప్రాణాపాయం. ఒక్కసారిగా ఆపరాదు. గుండె, శ్వాస పరీక్షలు క్రమంగా చేయించాలి. ఏ శస్త్రచికిత్సకైనా ముందు మత్తుమందు డాక్టరుకు వ్యాధి పేరు చెప్పాలి, వీరికి పనికిరాని మత్తుమందులున్నవి. 2023లో అమెరికాలో ఒక జన్యుచికిత్సకు అనుమతి లభించినది. దాని వెల ముప్పై రెండు లక్షల డాలర్లు. 2025లో, దానిని పొందిన ఇద్దరు నడవలేని బాలురు కాలేయం విఫలమై మరణించారు. పత్రికలలో "అద్భుత ఔషధం" అని చదివి పొలం అమ్మాలని తొందరపడేవారు ఇది కూడా చదవాలి. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం కండరక్షయాన్ని గుర్తించినది. ధ్రువపత్రం ఉంటే చదువుకు, ప్రయాణానికి కొంత ఆసరా దొరుకుతుంది.

నన్ను అన్నిటికంటే బాధించేది ఆడవారి సంగతి. తల్లి వాహకురాలైతే పుట్టే ప్రతి కుమారునికి సగానికి సగం వ్యాధి భయం, ప్రతి కుమార్తెకు సగానికి సగం వాహకత్వం. మూడింట ఒక వంతు కేసులలో తల్లి వాహకురాలు కాదు, లోపం కొత్తగా పుట్టినది. కాబట్టి పరీక్ష లేకుండా ఆమెను నిందించడానికి ఎవరికీ హక్కు లేదు. కాని మన ఇళ్ళలో పరీక్ష కంటే నింద ముందు వస్తుంది. ఆ బడిపంతులు గారి అత్తవారి వైపు వారు పదేళ్ళు ఆ ఇంటి గడప తొక్కలేదు. నేను 1991లో వ్యాధిని పోల్చి ఉంటే ఆ దంపతులు రెండవ బిడ్డ విషయం తెలిసి నిర్ణయించుకునేవారు. ఏమి నిర్ణయించుకునేవారో నాకు తెలియదు. నిర్ణయం వారిది కావలసినది, నేను వారికి అందకుండా చేశాను.

పెద్దవాడు పదేళ్ళకు నడక మానాడు, 2005లో పద్దెనిమిదేళ్ళకు పోయాడు. చిన్నవాడు మొదటి నుంచీ డాక్టర్ల చూపులో ఉన్నాడు, మాత్రలు వాడాడు, పదమూడేళ్ళ వరకు నడిచాడు. చదరంగం బాగా ఆడేవాడు, నన్ను మూడుసార్లు ఓడించాడు. 2016లో పోయాడు. నా తప్పు తెలిసిన తరువాత కూడా ఆ కుటుంబం మా వైద్యశాలకు రావడం మానలేదు. ఒకనాడు నేను ఆ తల్లిని క్షమాపణ అడిగాను. "మీరు ఒకరే కాదు కదండీ, నేను కూడా ఇంకాస్త గట్టిగా చెప్పవలసింది" అన్నది. ఆ మాట నన్ను తేలిక పరచలేదు.

ఆమె చెల్లెలు 2010లో, పెండ్లి అయిన కొత్తలో, భర్తను వెంటబెట్టుకుని నా వద్దకు వచ్చినది. ఈసారి నేను ఏ చూర్ణమూ ఇవ్వలేదు. హైదరాబాదుకు పంపాను. అక్కడ నిమ్స్ ఆసుపత్రిలో జన్యువైద్య విభాగం ఉన్నది. ముందుగా చిన్నవాని రక్తంతో జన్యువులో లోపం ఎక్కడున్నదో తేల్చారు, ఆపైన ఆమె రక్తంలో అదే లోపం కోసం వెదికారు. అది ఆమెలో లేదు. ఆమెకు ఇప్పుడు ఇద్దరు మగపిల్లలు.

మా వైద్యశాలలో రోగి కూర్చునే బల్ల పక్కన ఒక చాప పరచి ఉంటుంది. దగ్గుకు వచ్చినా, కడుపునొప్పికి వచ్చినా, పదేళ్ళ లోపు పిల్లలను ఒకసారి దాని మీద పడుకోబెట్టి లేవమంటాను. పెద్దలు విసుక్కుంటారు, పిల్లలు ఆట అనుకుంటారు. ఆ చెల్లెలి చిన్నకొడుకు మొదటిసారి జలుబుతో వచ్చినప్పుడు వాడిని కూడా లేవమన్నాను. చేతులు నేలకు ఆనించకుండానే లేచి, మరల పడుకుని, మరల లేచి చూపించాడు. వాళ్ళ అమ్మ గుమ్మం దగ్గర నిలబడి మూడుసార్లూ చూచినది.